అచ్చు వస్త్రాల డిజైన్, ఫ్యాషన్ ఫిల్మ్ చదువు: నేను నేర్చుకున్న పాఠాలు



ఉపకార వేతనం అందుకున్న విద్యార్థులు తమ చదువు గురించి ఒక పాఠంలాగా రాసి ఇవ్వాలని పెద్దలు కోరారు. ఇంజనీరింగ్, మెడిసిన్, బి.కాం. చదివినవారి వ్యాసాలు మనం చాలానే చదివాం. నేను చదివినది వస్త్రాల డిజైన్. అందులో అచ్చు వస్త్రాలు, అంటే ప్రింటెడ్ టెక్స్‌టైల్స్, నా ప్రత్యేక విషయం. చివరి సంవత్సరంలో నేను వేసిన చీరల మీద ఒకటిన్నర నిమిషం ఫ్యాషన్ ఫిల్మ్ కూడా తీశాను. "బట్టల మీద పువ్వులు వేయడానికి నాలుగేళ్ళ చదువా?" అని మా బంధువులు చాలామంది అడిగారు. ఈ వ్యాసం వారికి నా జవాబు. ఈ చదువులో నేను చేసిన ఒక పెద్ద తప్పును కూడా దాచకుండా రాస్తున్నాను. నా తర్వాత వచ్చే వారికి అన్నిటికంటే అదే ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

బళేపేటలో మొదటి పాఠం

మా ఇల్లు బళేపేటలో. కన్నడంలో "బళె" అంటే గాజు. కెంపేగౌడ 1537లో కట్టించిన పాత బెంగళూరు పేటలో ఒక్కో సరుకుకు ఒక్కో పేట ఉండేది. బియ్యానికి అక్కిపేట, దూదికి అరళెపేట, గాజులకు బళేపేట. ఇప్పుడు మా వీధిలో గాజుల కన్నా పట్టుచీరల అంగళ్ళు, వీణలు తబలాలు అమ్మే అంగళ్ళు ఎక్కువగా కనిపిస్తాయి. పక్కనే చిక్కపేట. మా నాన్నగారు ఒక చీరల హోల్‌సేల్ అంగడిలో గుమాస్తా. అమ్మ ఇంట్లో చీరలకు ఫాల్ కుట్టి, కొంగు కుచ్చులు ముడివేస్తుంది. అమ్మ పుట్టిల్లు కృష్ణా జిల్లాలో మచిలీపట్నం దగ్గరి పెడన. అక్కడ మా మామయ్య చెక్క దిమ్మలతో కలంకారీ అచ్చు వేస్తారు. ఈ వ్యాసంలో మామయ్య గురించి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోగలరు.

రెండో సంవత్సరంలో నేను మొదటి చీర డిజైన్ చేశాను. పెద్ద చెట్టు, దాని కొమ్మల మీద చిలుకలు. ఒక్కో చెట్టు 18 అంగుళాల వెడల్పు. కంప్యూటర్ తెర మీద చాలా అందంగా ఉంది. అచ్చు వేయించి తెచ్చి, నాన్నగారి ముందు నేల మీద పరిచాను. ఆయన కాసేపు చూసి, "బాగుందమ్మా. ఇప్పుడు మీ అమ్మను కట్టుకోమను" అన్నారు.

అమ్మ కట్టుకున్నాక చెట్టు కనిపించలేదు. కుచ్చిళ్ళ మధ్య ఒక చిలుక తోక, నడుము దగ్గర సగం కొమ్మ, అంతే మిగిలాయి. "మా అంగట్లో చీరను మడతల్లో చూపించి అమ్ముతాం. కొన్నవాళ్ళు కట్టుకుని తిరుగుతారు. రెండు చోట్లా నిలబడేదే చీర" అన్నారు నాన్నగారు. తరగతిలో అప్పటిదాకా నాకు ఎక్కని పాఠం ఆ రోజు ఎక్కింది.

కాగితం వేరు, గుడ్డ వేరు

ఈ సంగతిని లెక్క వేసి చూద్దాం. మామూలు చీర పొడవు సుమారు 5.5 మీటర్లు, పన్నా 45 నుంచి 47 అంగుళాలు. ఏడు కుచ్చిళ్ళు పెట్టామనుకోండి. ఒక్కో కుచ్చు పైకి కనిపించేది 5 అంగుళాలు. లోపలికి మడత పోయేది మరో 5 అంగుళాలు. అంటే ఒక్క కుచ్చుకు 10 అంగుళాలు, ఏడింటికి 70 అంగుళాలు. సుమారు ఒకటిముప్పావు మీటరు గుడ్డ మడతల్లోకి పోతుంది. పైగా కుచ్చిళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి నిలబడి ఉన్నప్పుడు మొదటి కుచ్చు మాత్రమే పూర్తిగా కనిపిస్తుంది. మిగిలినవి నడిచినప్పుడే విచ్చుకుంటాయి. అక్కడ 18 అంగుళాల చెట్టు వేస్తే అది ముక్కలు కాక ఏమవుతుంది? పెద్ద బొమ్మకు చోటు కొంగు. కుచ్చిళ్ళలోకి పోయే భాగంలో 2, 3 అంగుళాలకు మించని పువ్వు, లేక ఎక్కడ తెగినా అందం చెడని తీగ ఉండాలి.

రెండో పాఠం రిపీట్. ఒకే బొమ్మ గుడ్డ పొడవునా మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒకదాని పక్కన ఒకటి నేరుగా పేర్చితే అది నేరు రిపీట్. పక్క వరుసను బొమ్మ ఎత్తులో సగం కిందికి జరిపితే హాఫ్ డ్రాప్ రిపీట్. కంటికి ఒక వరుస నుంచి ఇంకో వరుసకు ఏటవాలుగా దారి దొరుకుతుంది కాబట్టి పువ్వుల డిజైన్లలో హాఫ్ డ్రాప్‌నే ఎక్కువగా వాడతారు. రిపీట్ సరిగా కుదరకపోతే దగ్గరినుంచి తెలియదు. పది అడుగుల దూరం నుంచి చూస్తే గుడ్డ మీద అడ్డంగానో నిలువుగానో ఖాళీ గీతలు కనిపిస్తాయి. మేము దీన్ని "లైను పడింది" అంటాం. అందుకే డిజైన్‌ను అసలు కొలతలో కాగితం మీద తీసి గోడకు అంటించి, దూరంగా నిలబడి, కళ్ళు సగం మూసి చూడాలి. నేను రాత్రిళ్ళు మా మిద్దె మెట్ల గోడ మీద అలాగే అంటించి చూసుకునేదాన్ని.

గుడ్డకు రంగు ఎలా పడుతుంది

డిజైన్ గీసేవారికి రంగు గుడ్డకు ఎలా పడుతుందో తెలియకపోతే ఆ డిజైన్ కాగితం మీదే ఉండిపోతుంది. ముఖ్యమైన పద్ధతులు మూడు.

మొదటిది చెక్క దిమ్మతో అచ్చు. పెడన, మచిలీపట్నం కలంకారీ ఈ పద్ధతిదే. ముందు గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెడతారు. కరక్కాయ రంగును పట్టుకుంటుంది, పాలు రంగు పక్కకు పాకకుండా ఆపుతాయి. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీటితో నల్ల గీతలు అచ్చు వేస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక నీటితో అచ్చు వేస్తారు. పటిక వేసినప్పుడు అక్కడ ఎరుపు ఉండదు. తర్వాత పారే నీటిలో ఉతికి, రంగు వేసిన కాగులో ఉడికించినప్పుడు పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు లేస్తుంది. పూర్వం ఆ ఎరుపును చిరివేరు నుంచి తీసేవారు. ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మ. నానబెట్టడం, ఆరబెట్టడం, ఉతకడం, ఉడకబెట్టడం అన్నీ ఎండ మీద, నీటి మీద ఆధారపడ్డ పనులు. ఒక గుడ్డ పూర్తి కావడానికి ఎన్నో రోజులు పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో దిమ్మలు ఉండవు, అక్కడ వెదురు పుల్లతో చేసిన కలంతో గీస్తారు. కలం అంటే రాసే పుల్ల, కారీ అంటే పని. ఇది పారసీ మాట.

రెండోది స్క్రీన్ ప్రింటింగ్. చట్రానికి బిగించిన సన్నని జాలీగుడ్డ మీద డిజైన్ ఉన్న చోట మాత్రమే రంగు దిగేలా చేసి, రబ్బరు పట్టీతో రంగును లాగుతారు. ఇక్కడ కూడా ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్. ఆరు రంగులంటే ఆరు స్క్రీన్ల ఖర్చు. ఎక్కువ మీటర్లు వేసినప్పుడే అది గిట్టుబాటు.

మూడోది డిజిటల్ ప్రింటింగ్. పెద్ద ఇంక్‌జెట్ యంత్రం. స్క్రీన్లు అక్కరలేదు కాబట్టి ఒక్క చీర అయినా వేయించుకోవచ్చు, ఎన్ని రంగులైనా పెట్టవచ్చు. అయితే ఇది కూడా కాగితం మీద తీసినంత సులభం కాదు. నూలుకు, పట్టుకు రియాక్టివ్ ఇంకు వాడితే గుడ్డకు ముందే మందు పట్టించాలి, అచ్చు అయ్యాక ఆవిరి పెట్టాలి, తర్వాత మిగులు రంగు పోయేదాకా ఉతకాలి. ఆవిరి పట్టాకే రంగు అసలు నిండుదనానికి వస్తుంది. పాలియెస్టర్‌కు అయితే డిస్పర్స్ ఇంకును సుమారు 200 డిగ్రీల వేడితో గుడ్డలోకి ఎక్కిస్తారు. తెర మీది రంగు గుడ్డ మీద ఎప్పుడూ అలాగే రాదు. అందుకే పూర్తి చీర వేయించే ముందు చిన్న ముక్క మీద నమూనా తీయించాలి. దీన్ని స్ట్రైక్ ఆఫ్ అంటారు. మొదటి చీరకు నేను నమూనా ఖర్చు మిగిల్చాలని చూశాను. ఆ చీర రంగు కూడా నేను అనుకున్నట్టు రాలేదు. నమూనా ఖర్చు ఎప్పుడూ దండగ కాదు.

ఫ్యాషన్ ఫిల్మ్ ఎందుకు?

కుచ్చిళ్ళ సంగతి మళ్ళీ గుర్తు చేసుకోండి. నడిస్తేనే విచ్చుకునే గుడ్డను ఒక ఫోటోలో ఎలా చూపించగలం? ఫ్యాషన్ ఫిల్మ్ అవసరం ఇక్కడే మొదలవుతుంది. నిజానికి సినిమా పుట్టినప్పటి నుంచీ గుడ్డ కదలిక దానికి ఇష్టమైన వస్తువే. 1890ల మధ్యలో అమెరికాలో ఎడిసన్ సంస్థ అనాబెల్ అనే నర్తకి వెడల్పాటి పావడా గుడ్డను అలలుగా తిప్పే నృత్యాన్ని చిత్రించింది. కొన్ని ప్రతుల్లో ఒక్కో ఫ్రేముకు చేతితో రంగులు వేశారు. మన కాలానికి వస్తే 2000లో లండన్‌లో నిక్ నైట్ అనే ఫోటోగ్రాఫర్ షోస్టూడియో ప్రారంభించి ఫ్యాషన్ ఫిల్మ్‌కు ఒక స్థానం తెచ్చారు. 2008లో డయాన్ పెర్నే పారిస్‌లో వీటికి ప్రత్యేకంగా చిత్రోత్సవం మొదలుపెట్టారు. మన దేశంలో 2017లో "ది సారీ సిరీస్" అనే ప్రయత్నంలో 80కి పైగా చీర కట్టు విధానాలను చిన్న చిన్న ఫిల్ములుగా తీసి భద్రపరిచారు. కట్టు విధానాన్ని పుస్తకంలో బొమ్మ గీసి చెప్పడం కన్నా ఫిల్మ్‌లో చూపించడం ఎంత తేలికో అవి చూస్తే అర్థమవుతుంది.

ఫిల్మ్ తీయడంలో నేను నేర్చుకున్న నాలుగు విషయాలు చెబుతాను. ఒకటి, వెలుతురు ఎదురుగా పడితే అచ్చు స్పష్టంగా కనిపిస్తుంది, పక్కనుంచి పడితే నేత, గరుకుదనం కనిపిస్తాయి. రెండూ కావాలి. రెండు, మరీ సన్నని గీతల డిజైన్ కెమెరాలో అలలు అలలుగా మెరుస్తుంది. దీన్ని మోయిరే అంటారు. కెమెరాను కాస్త దగ్గరికో దూరానికో జరిపితే తగ్గుతుంది. మూడు, మామూలుగా సెకనుకు 25 ఫ్రేములు తీస్తాం. 100 ఫ్రేములు తీసి నెమ్మదిగా చూపిస్తే గుడ్డ బరువు కంటికి తెలుస్తుంది. పలుచని జార్జెట్ గాలిలో నిలుస్తుంది, నూలు వెంటనే కిందికి దిగుతుంది. నాలుగు, రంగు. ప్రతి చోటా ఒక తెల్లకాగితం పెట్టి కెమెరా వైట్ బ్యాలెన్స్ సరిచేయాలి. ఎడిటింగ్‌లో రంగును ఇంకా అందంగా చేయాలన్న ఆశ పుడుతుంది. నేను ఇటుక ఎరుపు చీరను అలా కుంకుమ ఎరుపుగా మార్చేశాను. ఫిల్మ్ చూసి ముచ్చటపడిన మా పిన్ని చీర చూడటానికి వచ్చి, "ఇదేనా అది?" అని అడిగింది. పిన్ని కాబట్టి నవ్వుకుని సరిపెట్టుకున్నాం. డబ్బు కట్టిన కొనుగోలుదారు నవ్వరు.

మామయ్య అడిగిన ప్రశ్న

ఇక నా పెద్ద తప్పుకు వస్తున్నాను. చివరి సంవత్సరం పనిగా అమ్మ పుట్టింటిని తలచుకుని, పెడన పాత అచ్చుల్లోని తీగలు, పువ్వులు, నెమళ్ళు చూసి ఐదు చీరలు డిజైన్ చేశాను. ట్రస్టు ఇచ్చిన ఉపకార వేతనంలో సగానికి పైగా ఈ ఐదింటికే ఖర్చయింది. అచ్చు మాత్రం డిజిటల్‌లో వేయించాను. ఫిల్మ్ తీసేటప్పుడు యంత్రాన్ని చూపిస్తే అందంగా ఉండదనిపించింది. పాత సామాను అంగడిలో ఒక చెక్క దిమ్మ కొన్నాను. ముందే అచ్చు అయిపోయిన చీర మీద ఆ దిమ్మను మా స్నేహితురాలు పెట్టి, పిడికిలితో కొట్టి, పైకి తీసినట్టు చిత్రించాను. దిమ్మ లేవగానే కింద పువ్వు! చూసినవారందరికీ అదే నచ్చింది. చివర "పెడన కలంకారీ" అని పేరు వేశాను.

పరీక్షకు పది రోజుల ముందు ఒక పెళ్ళికని మామయ్య బెంగళూరు వచ్చారు. గర్వంగా ఫిల్మ్ చూపించాను. ఆయన రెండుసార్లు చూసి, "అమ్మడూ, ఈ నెమలి మెడ మీద రంగు నీలం నుంచి పచ్చకు మెల్లగా కలిసిపోతోంది కదా. ఇది ఏ దిమ్మతో వస్తుంది?" అని అడిగారు.

నేను నిజం చెప్పాను. ఆయన కోప్పడలేదు. "బొమ్మ బాగా గీశావు. మిషను అచ్చు కూడా తప్పు కాదు, అదీ ఒక పనే. కాని ఆ పిల్ల చేతిలోని దిమ్మ పొడిగా ఉంది. రంగు అంటని దిమ్మతో పువ్వు ఎలా పడిందమ్మా?" అన్నారు.

తర్వాత అమ్మతో మాట్లాడుతూ ఇంకో మాట కూడా అన్నారు. "మేము పది రోజులు ఎండలో నీళ్ళలో చేసిన గుడ్డను, ఒక్క పూటలో మిషను తీసిన గుడ్డను ఒకే పేరుతో అంగట్లో పెడితే ధర ఎవరిది నిలుస్తుంది? కొనేవాళ్ళు మా గుడ్డను చూసి, అక్కడ సగానికే ఇస్తున్నారే అంటారు." ఆ మాట నాతో అనలేదు. వంటింట్లో అంటుంటే విన్నాను. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నకలు కొత్త సంగతి కాదు

తర్వాత చదివితే ఈ కథ చాలా పాతదని తెలిసింది. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. అక్కడి నుంచి, కోరమండల్ తీరంలోని ఇతర రేవుల నుంచి అచ్చు గుడ్డలు ఐరోపాకు వెళ్ళాయి. ఉతికినా పోని ఆ రంగులు చూసి అక్కడివారు ఎగబడి కొన్నారు. దానితో తమ నేతగాళ్ళు దెబ్బ తింటున్నారని ఫ్రాన్స్ 1686లో ఈ గుడ్డలను నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా ఉంది. ఇంగ్లండ్ కూడా 1700లో, 1721లో చట్టాలు చేసింది. ఈలోగా వాళ్ళు మన పద్ధతిని నేర్చుకున్నారు. 1783లో థామస్ బెల్ చెక్కిన లోహపు రోలర్లతో అచ్చు వేసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. మన డిజైన్‌ను వాళ్ళ యంత్రం వేయడం అక్కడే మొదలైంది. నేను చేసింది కూడా అదే కదా అనిపించింది. పైగా నేను పరాయిదాన్ని కూడా కాదు.

ఇప్పుడు దీనికి చట్టం కూడా ఉంది. భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చి 2003 నుంచి అమలులో ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ, మచిలీపట్నం కలంకారీ రెండూ ఆ చట్టం కింద నమోదయ్యాయి. ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో చేసినదానికే ఆ పేరు. చూడటానికి అలా ఉన్నంత మాత్రాన ఆ పేరు పెట్టి అమ్మకూడదు. చట్టం సంగతి అలా ఉంచినా, ఒక పేరును నిలబెట్టడానికి తరాలు పడుతుంది. దాన్ని చెరపడానికి ఒకటిన్నర నిమిషం ఫిల్మ్ చాలు.

మళ్ళీ తీసిన ఫిల్మ్

దిమ్మ దృశ్యం తీసేస్తే ఫిల్మ్ మధ్యలో 20 సెకన్ల ఖాళీ వచ్చింది. అచ్చు వేయించిన చోటికి మళ్ళీ వెళ్ళి అనుమతి అడిగి యంత్రాన్నే చిత్రించాను. ఇంకు తల గుడ్డ మీద అటూ ఇటూ పరుగెత్తడం, ఆవిరి గది నుంచి గుడ్డ బయటికి రావడం, ఉతుకులో మిగులు రంగు కారిపోవడం. యంత్రం అందంగా ఉండదనుకున్నాను కాని, వెలుతురు సరిగా పెట్టుకుంటే దానికీ ఒక లయ ఉంది. తర్వాత మా నాన్నగారు అంగట్లో తెల్లని పరుపు మీద చీర మడతలు విప్పే చేతులు, మా ఇంటి మెట్ల మీద అమ్మ నడుస్తుంటే కుచ్చిళ్ళు విచ్చుకోవడం తీశాను. చివరి అక్షరాలు మార్చాను: "పెడన అచ్చుల స్ఫూర్తితో గీసినది. నూలు గుడ్డ మీద డిజిటల్ ప్రింట్." ఇటుక ఎరుపును ఇటుక ఎరుపుగానే ఉంచాను.

పరీక్షకు వచ్చినవారిలో ఒకరు పాత ప్రతి కూడా చూసి ఉన్నారు. మొదటిదే ఎక్కువ అందంగా ఉందన్నారు. ఆ మాట నిజమే. ప్రదర్శనలో ఒక పెద్దావిడ చీర చేతిలోకి తీసుకుని, "కలంకారీయేనా?" అని అడిగారు. కాదండీ, మిషను అచ్చు అని చెప్పాను. ఆవిడ తిరిగి పెట్టేసి వెళ్ళిపోయారు. బాధ కలగలేదని చెప్పను. ఇంకొకావిడ అదే జవాబు విని, "అయితే ఉతకడానికి తేలికేనా?" అని అడిగి, కొన్నారు. అసలు దిమ్మ అచ్చు కావాలన్న ఇద్దరికి మామయ్య ఫోన్ నంబరు ఇచ్చాను.

విద్యార్థులకు కొన్ని అభ్యాసాలు

ఈ చదువు మీద ఆసక్తి ఉన్నవారు ఖరీదైన సామాను లేకుండానే ఇంట్లో ఇవి చేసి చూడవచ్చు.

1. ఇంట్లోని ఒక చీర తీసుకుని అందులో ఒక్క రిపీట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వెతకండి. స్కేలుతో కొలిచి నోటుపుస్తకంలో రాయండి. పది చీరలు ఇలా కొలిస్తే సగం పాఠం వచ్చినట్టే.

2. చదరపు కాగితం మీద ఒక పువ్వు గీసి, కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ముక్కల స్థానాలు మార్చి అంటించండి. ఇప్పుడు పువ్వు మూలలకు పోయి, మధ్యలో ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో మళ్ళీ గీయండి. మీ మొదటి రిపీట్ తయారు.

3. ఆ డిజైన్‌ను నాలుగైదు కాగితాల మీద నకలు తీసి అతికించి, కుచ్చిళ్ళలా మడిచి చూడండి. ఏమి మిగిలిందో గమనించండి.

4. ఫోనుతోనే నూలు, పట్టు, పాలియెస్టర్ గుడ్డలను ఒకే కిటికీ దగ్గర, ఒకే ఎత్తు నుంచి జారవిడిచి నెమ్మది చిత్రణలో తీయండి. పేరు చెప్పకుండా చూపించి, ఏది ఏ గుడ్డో ఇంట్లోవారిని అడగండి.

5. మీరు తీసిన దేనికైనా కింద ఒక వాక్యం రాయండి: ఏ గుడ్డ, ఏ పద్ధతి, ఎవరి చేయి. ఆ వాక్యం రాయడానికి చేయి వెనుకాడితే ఫిల్మ్‌లో ఏదో సరిచేయాలని అర్థం.

తల్లిదండ్రులకు మనవి

ఈ చదువుకు ఖర్చు ఉంటుంది. ఫీజుకు తోడు గుడ్డ, నమూనాలు, ప్రింట్లు, ప్రయాణాలు అదనం. చేరే ముందే ఆ లెక్క వేసుకోవడం మంచిది. దారులు మాత్రం ఒక్కటే కాదు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ, అంటే నిఫ్ట్, హైదరాబాదులో 1995లో, బెంగళూరులో 1997లో ప్రారంభమైంది. అక్కడ నాలుగేళ్ళ డిజైన్ డిగ్రీలో టెక్స్‌టైల్ డిజైన్, ఫ్యాషన్ కమ్యూనికేషన్ వంటి విభాగాలు ఉన్నాయి. 1961లో అహమ్మదాబాదులో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ తరహాలో ఆంధ్రప్రదేశ్‌లో 2015లో ఒక ఎన్‌ఐడీ ప్రారంభమైంది. అక్కడ కూడా వస్త్రాల డిజైన్ విభాగం ఉంది. పదో తరగతి తర్వాతే చేరాలనుకునేవారికి వెంకటగిరిలోని ప్రగడ కోటయ్య స్మారక చేనేత సాంకేతిక సంస్థలో, కర్ణాటకలో గదగ్‌లోని చేనేత సంస్థలో మూడేళ్ళ డిప్లొమా ఉంది. ప్రవేశ పరీక్షలు, ఫీజులు, తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ సంవత్సరం ప్రకటన చూసుకునే దరఖాస్తు చేయగలరు.

చదువు అయ్యాక అందరూ పేరున్న డిజైనర్లు కారు. ప్రింటింగ్ మిల్లుల్లో డిజైన్ ఫైళ్ళు సిద్ధం చేసే పని, రంగులు సరిచూసే పని, ఎగుమతి కంపెనీల్లో నమూనాల విభాగం, చీరల అంగళ్ళకు ఫోటోలు, ఫిల్ములు తీసిపెట్టే పని, ఇవన్నీ ఉద్యోగాలే. బళేపేట, చిక్కపేట వంటి చోట్ల పెరిగిన పిల్లలకు ఒక లాభం ఉంది. గుడ్డను చేత్తో పట్టుకుని చూడటం వారికి చిన్ననాటి నుంచే వస్తుంది. వేసవి సెలవుల్లో మీ పిల్లలను ఒక నెల అంగట్లో కూర్చోనివ్వండి. కొనేవారు చీరను ఎలా చూస్తారో, ఏమి అడుగుతారో వినడం కూడా చదువే.

"పువ్వులు వేయడానికి నాలుగేళ్ళా?" అని అడిగిన బంధువులకు నా జవాబు ఇది. పువ్వు గీయడం నాకు మొదటి ఏడాదిలోనే వచ్చింది. అది గుడ్డ మీద ఎలా పడుతుందో, కట్టుకుంటే ఎలా కనిపిస్తుందో, దాన్ని చూపించేటప్పుడు ఏ మాట చెప్పాలో, ఏ మాట చెప్పకూడదో నేర్చుకోవడానికి మిగిలిన మూడేళ్ళూ పట్టాయి.

ఆ చెక్క దిమ్మను ఇంకా పారేయలేదు. దానికి రంగు అంటించడం నేర్పిస్తానని మామయ్య మాట ఇచ్చారు. ఈ సంక్రాంతి తర్వాత ఎండలు ముదిరేలోగా పెడన వెళ్ళి, ముందుగా కరక్కాయ నీళ్ళలో గుడ్డ నానబెట్టడం దగ్గరనుంచి మొదలుపెట్టాలని అనుకుంటున్నాను.